నాలుగు బాటలు కలిసిన పొదిలి



మీ ఇంట్లో ఆంధ్రదేశపు పటం ఉంటే తీసి నేల మీద పరవండి. ఒంగోలు మీద చూపుడువేలు పెట్టి నెమ్మదిగా పడమరకు జరపండి. చీమకుర్తి దాటిన తరువాత పొదిలి వస్తుంది. ఇంకా ముందుకు పోతే మార్కాపురం, దోర్నాల, ఆపైన నల్లమల అడవి, అడవిలో శ్రీశైలం. ఇప్పుడు వేలును మళ్ళీ పొదిలికి తీసుకురండి. అక్కడినుంచి ఉత్తరానికి జరిపితే దర్శి, దర్శి దాటితే వినుకొండ సీమ. దక్షిణానికి జరిపితే కనిగిరి, పామూరు, ఉదయగిరి. తూర్పు పడమరలుగా ఒక బాట, ఉత్తర దక్షిణాలుగా ఇంకొక బాట. రెండూ వచ్చి పొదిలిలో ముడిపడ్డాయి.

ఇక్కడ మీకొక ప్రశ్న. ఊళ్ళు సాధారణంగా పెద్ద నది ఒడ్డున పెరుగుతాయి. లేదా ఓడరేవు దగ్గర పెరుగుతాయి. లేదా రైలు స్టేషను పక్కన పెరుగుతాయి. పొదిలికి కృష్ణవంటి నది లేదు. సముద్రం అరవై కిలోమీటర్ల దూరాన ఉన్నది. 20వ శతాబ్దం గడిచిపోయినా ఈ ఊరికి రైలు రాలేదు. మరి ఇన్ని బాటలు ఇక్కడే ఎందుకు కలిశాయి?

దీనికి జవాబు చెప్పవలసినది ఎద్దు!

వెనుకటి మనుషులు దూరాన్ని ఆమడల్లో చెప్పుకొనేవారు. ఆమడ అంటే ఎనిమిది మైళ్ళు, ఇంచుమించు 13 కిలోమీటర్లు. బరువు వేసిన ఎడ్లబండి గంటకు మూడు కిలోమీటర్లకు మించి పోదు. కాబట్టి ఒక ఆమడ నడవటానికి దానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. తెల్లవారుజామున ఒక ఆమడ నడిపి, ఎండ ముదిరే వేళకు చెట్టు నీడన బండి విప్పి, ఎడ్లకు మేత వేసి నీళ్ళు పెట్టేవారు. పొద్దు వాలిన తరువాత ఇంకొక ఆమడ నడిపేవారు. రోజుకు రెండు ఆమడలే ఎద్దు కొలత. అంతకు మించి తోలితే మరునాడు ఎద్దు లేవదు.

ఇప్పుడు లెక్క వేయండి. ఒంగోలు నుంచి పొదిలికి సుమారు 50 కిలోమీటర్లు. అంటే నాలుగు ఆమడలు, రెండు రోజుల నడక. పొదిలి నుంచి మార్కాపురం మూడున్నర ఆమడలు, అదీ ఇంచుమించు రెండు రోజుల నడకే. అటు దర్శికి గాని, ఇటు కనిగిరికి గాని తెల్లవారకముందే బయలుదేరితే ఒక్క రోజులో చేరవచ్చు. ఏ వైపు నుంచి వచ్చినా ఎద్దు అలసి ఆగిపోయే చోట ఈ ఊరున్నది. ఎద్దు ఆగిన చోట నీళ్ళుండాలి. నీళ్ళున్న చోట చెరువు గట్టు మీద పది బండ్లు విప్పుతారు. పది బండ్లు విప్పిన చోట ఒక కమ్మరి కొలిమి పెడతాడు, ఒక పూటకూళ్ళమ్మ పొయ్యి ముట్టిస్తుంది, ఒక కోమటి గడ్డీ, తవుడూ, దీపానికి నూనే అమ్ముతాడు. దీనిని మజిలీ అన్నారు. మీరు కాశీమజిలీ కథల పేరు విని ఉంటారు గదా! కాశీకి నడిచిపోయేవాళ్ళు రాత్రి ఆగిన ప్రతిచోటా చెప్పుకొన్న కథలు కాబట్టి వాటికా పేరు వచ్చింది.

ఈ బాటల మీద ఏం పోయేది? అన్నిటికంటె ముందు ఉప్పు.

ఉప్పు లేనిదే మనిషికీ, పశువుకూ కూడా ప్రాణం నిలవదు. ఒంటిలోని రక్తానికీ, నరాలకూ, కండరాలకూ అది అవసరం. కాని కర్నూలు సీమలో సముద్రం లేదు. ఉప్పు పండేది చినగంజాం, కనుపర్తి వంటి సముద్రతీరపు కొటార్లలో. అక్కడి ఉప్పు నల్లమల కొండలు దాటి పోవాలి. కొండల నడుమ సన్నని దారి ఉన్న చోటును కనుమ అంటారు. గిద్దలూరు వైపు నుంచి నంద్యాలకు పోయే నంది కనుమ అటువంటిదే. ఆ రాళ్ళదారిలో పూర్వం బరువు బండి ఎక్కటం కష్టం. అందుచేత ఎద్దు వీపు మీదనే అటొక సంచీ, ఇటొక సంచీ వేలాడదీసి తోలేవారు. వాటిని పెరికెలు అంటారు. పెరిక ఎద్దు ఒకటి, ఒకటిన్నర క్వింటాలు మోస్తుంది. బండికి కట్టిన జత ఎడ్లు ఎనిమిది, పది క్వింటాళ్ళు లాగుతాయి. చూచారా, చక్రం ఎంత సాయం చేస్తుందో! అయినా కొండ దగ్గర చక్రం ఓడిపోయేది, గిట్ట గెలిచేది.

ఈ పెరిక ఎడ్ల బిడారులను దేశమంతా తిప్పినవారు లంబాడీలు. మన వైపు వారిని సుగాలీలు అని కూడా పిలుస్తారు. ఆలుబిడ్డలతో, కుక్కలతో, పక్కబట్టలతో సహా బిడారు వెంటనే వారి కాపురం. ఎడ్లు దారి పొడుగునా ఉన్న పచ్చిక మేసుకుంటూ పోయేవి కాబట్టి మేతకు కాణీ ఖర్చు లేదు. 1652లో ఈ కోస్తా వెంట ప్రయాణం చేసిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే పదివేలు, పన్నెండువేల ఎడ్లున్న బిడారులను గురించి వ్రాశాడు. ఇరుకు దారిలో అటువంటి మంద ఎదురైతే, అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు పక్కన నిలబడిపోవలసి వచ్చేదట! మన బస్సు రైలు గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే మనం ఎంత విసుక్కుంటాం!

ఉప్పు పడమరకు పోతే, పడమటి నుంచి పత్తి, జొన్నలు తూర్పుకు వచ్చేవి. ఒంగోలుకు ఈశాన్యంగా, చీరాలకు సమీపంలో మోటుపల్లి అనే ఊరున్నది. ఈనాడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో అది గొప్ప రేవు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకోవటం ఆనాటి వాడుక. తాము అలా చేయమనీ, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటామనీ గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఈ తీరాన్ని గురించి వ్రాస్తూ, ఇక్కడి నూలుబట్ట సాలెగూడంత సన్నమని మెచ్చుకొన్నాడు. ఆ నూలుకు పత్తి ఎక్కడో లోపలి నేలల్లో పండి, ఇటువంటి బాటల మీదనే రేవులకు దిగాలి గదా. పత్తి బోరెం తేలికే గాని చోటు ఎక్కువ పడుతుంది. బండి మీద కొండలాగా కనబడుతుంది. మిరప అప్పటికింకా మన దేశానికి రాలేదు సుమా! అది అమెరికా మొక్క. పోర్చుగీసువారి వెంట 16వ శతాబ్దంలో వచ్చింది. వచ్చిన తరువాత గుంటూరు సీమను ఎర్రగా మార్చివేసింది.

పొదిలి బాటలకు మరొక విశేషం ఉన్నది. అవి సరిహద్దు బాటలు.

18వ శతాబ్దంలో పొదిలి, దర్శి వెంకటగిరి రాజుల జమీలో ఉండేవి. వారి పైన ఆర్కాటు నవాబు ప్రభువు. ఉత్తరాన వినుకొండ గుంటూరు సర్కారులోది. అది నిజాం చేతిలో ఉండి 1788లో ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. పడమట మార్కాపురం, కంభం ప్రాంతాన్ని 1800లో నిజాం కంపెనీకి ధారపోశాడు. పొదిలి వైపు మాత్రం 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి వచ్చింది. అనగా, ఒక బండివాడు వినుకొండ నుంచి బయలుదేరి పొదిలి మీదుగా మార్కాపురం పోతే, వారం తిరగకుండా ముగ్గురు ప్రభువుల నేల తొక్కేవాడన్నమాట. ప్రతి ఎల్లలోనూ సుంకపు ఠాణా ఉండేది. బస్తా విప్పు, తూకం వెయ్యి, రుసుం కట్టు, చీటీ తీసుకో, మళ్ళీ మూట కట్టు. ఇవాళ మనం పెద్ద రోడ్డును రహదారి అంటున్నాం. ఆ మాట పారసీ నుంచి వచ్చింది. మొదట దాని అర్థం రోడ్డు కాదు. దారి కాపలాకని ప్రయాణీకుల దగ్గర వసూలు చేసే సుంకాన్నే రహదారీ అనేవారు. సుంకం పేరు చివరకు దారికే అంటుకొన్నది! లోదేశపు సుంకాలను మద్రాసు రాజధానిలో 1844లో ఎత్తివేశారు. ఆనాడు బండ్లవాళ్ళ గుండె మీదనుంచి ఎంత బరువు దిగిందో ఊహించుకోండి.

సరిహద్దు మాత్రం పటం మీద చాలాకాలం మిగిలిపోయింది. పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం కర్నూలు జిల్లాలోది. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాలో చేరింది. ఒకే బాట మీది మూడు ఊళ్ళకు మూడు వేరు కచేరీలు! 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అప్పుడే ఈ బాట అంతా ఒక జిల్లాలోకి వచ్చింది.

ఉత్తర దక్షిణాల బాట కథ వేరు. అది కోటల నడిమి నేల. దక్షిణాన ఉదయగిరి దుర్గం, ఉత్తరాన వినుకొండ, కొండవీడు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరిని పట్టుకొని, 1515లో కొండవీడు గెలిచాడు. సైన్యం వెంట ఏనుగులూ, గుర్రాలూ పోతాయని మనం కథల్లో చదువుతాం. వాటి తిండిని మోసేది ఎవరు? మళ్ళీ ఎద్దే. ఈ సంగతి కవులు ఎక్కువగా చెప్పరు.

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. మీ ఊళ్ళో చెక్కచక్రాల బండి ఎక్కడైనా మిగిలి ఉంటే దగ్గరకు వెళ్ళి చూడండి. చక్రం నడుమ లావుగా ఉన్నది కుండ. దానిలో నుంచి బయలుదేరిన కర్రలు ఆకులు. ఆకుల చివర వంపుగా చెక్కిన ముక్కలు పూటీలు. ఒక్కొక్క పూటీలో రెండేసి ఆకులు దిగుతాయి. కాబట్టి ఆకుల లెక్క పన్నెండో, పద్నాలుగో అవుతుంది గాని పదమూడు కాదు. కావాలంటే లెక్కపెట్టి చూడండి. రెండు చక్రాల నడుమ ఇరుసు, చక్రం జారిపోకుండా శీల, రాపిడి తగ్గటానికి కందెన.

చక్రానికి ఇనుప పట్టా ఎక్కించటం చూడవలసిన వేడుక. పట్టాను చక్రం కంటె కొంచెం చిన్నదిగానే చేస్తారు. చిన్న పట్టా పెద్ద చక్రానికి ఎలా పడుతుంది? పిడకలు పేర్చి పట్టాను ఎర్రగా కాలుస్తారు. వేడికి ఇనుము సాగుతుంది. నలుగురు పట్టకారులతో ఎత్తి, చక్రం మీద దించి, సమ్మెటతో కొట్టి, వెంటనే కడవలతో నీళ్ళు పోస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఇనుము చల్లబడి ముడుచుకొంటుంది. ముడుచుకొంటూ పూటీలనూ, ఆకులనూ, కుండనూ అన్నిటినీ కలిపి బిగించివేస్తుంది. వేడికి లోహం వ్యాకోచిస్తుందని మీ సైన్సు పుస్తకంలో చదువుతారు. పొదిలి వంటి మజిలీ ఊళ్ళలో కమ్మరి పిల్లవాడికి అది బడికి పోకముందే తెలుసు.

ఎద్దుకు లాడాలు కూడా కొట్టాలి. గుర్రపు గిట్ట ఒక్కటే, దానికి కాలికొక లాడం చాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, కాలికి రెండు. ఒక బండి జతకు మొత్తం ఎన్ని లాడాలో మీరే చెప్పండి. పదహారు!

వేసవిలో బండ్లు రాత్రిళ్ళు నడిచేవి. పది పదిహేను బండ్లు ఒకదాని వెనుక ఒకటి. ఇరుసు కింద వేలాడే లాంతరు, ఎడ్ల మెడలో మువ్వలు. ముందు బండి తోలేవాడు మెలకువగా ఉంటే చాలు, వెనుకవాళ్ళు నిద్రపోయినా ఎడ్లు దారి తప్పవు. వందల ఏళ్ళుగా చక్రాలు నడిచి నేలలో రెండు చాళ్ళు పడి ఉండేవి. వాటిని గాడి అంటారు. పని బాగా సాగితే "గాడిన పడింది" అనీ, చెడితే "గాడి తప్పింది" అనీ మీ అమ్మమ్మ అంటుంది గదా. ఆ మాట ఈ బాటల మీదనే పుట్టింది. వానాకాలంలో మాత్రం రేగడినేల బంకలాగా పట్టుకొంటుంది. ఇరుసు దాకా దిగబడిన బండిని లేపటానికి మూడు జతల ఎడ్లు కట్టినా ఒక్కొక్కప్పుడు చాలేది కాదు.

ఇంత బరువు లాగిన ఎద్దు ఏ జాతిది? ఒంగోలు జాతి. గుండ్లకమ్మ, ముసి ఏళ్ళ నడుమ సీమ దాని పుట్టిల్లు. (ఈ ముసి వేరు, హైదరాబాదు మూసీ వేరు.) తెల్లని ఒళ్ళు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు. మండుటెండను తట్టుకోగలదు, ఎండుచొప్ప తిని బలంగా ఉండగలదు. 19వ శతాబ్దంలోనే ఈ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ దేశానికి పోయాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండటం వలన అక్కడివాళ్ళు వాటిని "నెలోర్" అని పిలిచారు. ఇవాళ బ్రెజిల్ పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తంవే. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు గుర్తుగా పెట్టుకొన్న "వీర" కూడా ఒంగోలు గిత్తే.

ఎడ్లబండి బాటలు మనకే ఉన్నాయనుకోకండి. అమెరికాలో 1840ల నుంచి వేలాది కుటుంబాలు గుడ్డకప్పు వేసిన బండ్లలో పడమటికి వలసపోయాయి. అక్కడ మిస్సోరీ నది దగ్గర ఇండిపెండెన్సు అనే ఊరున్నది. శాంటాఫేకు పోయే బాట, ఆరెగానుకు పోయే బాట, కాలిఫోర్నియాకు పోయే బాట అక్కడినుంచే బయలుదేరేవి. ఆరెగాను దాకా సుమారు 3,200 కిలోమీటర్లు, ఐదారు నెలల ప్రయాణం. గుర్రాల కంటె ఎడ్లనే ఎక్కువమంది కట్టుకొన్నారు. కారణం మనకు తెలిసిందే: ఎద్దు చవక, ఎటువంటి గడ్డి అయినా తింటుంది. 1869లో అమెరికాను అడ్డంగా దాటే రైలుమార్గం పూర్తయింది. బండిబాటల కాలం అక్కడికి చెల్లిపోయింది.

మన వైపు కూడా అదే జరిగింది. 1890 ప్రాంతానికి నంద్యాల నుంచి నల్లమల దాటి కంభం, దొనకొండ, వినుకొండల మీదుగా గుంటూరు వైపు మీటరు గేజి రైలు నడిచింది. 1899లో మద్రాసు నుంచి నెల్లూరు, ఒంగోలు మీదుగా బెజవాడకు ఇంకొక మార్గం తెరిచారు. ఒకటి పొదిలికి పడమటగా, ఇంకొకటి తూర్పుగా పోయాయి. నడుమ పొదిలి మిగిలిపోయింది! కర్నూలు సీమకు పోయే ఉప్పు రైలెక్కింది. లంబాడీల బిడారులు పని లేక చెదరిపోయాయి. తరతరాలుగా దేశానికి ఉప్పూ, ధాన్యమూ మోసినవారు బాటల పక్కన తండాలు వేసుకొని కూలికీ, సేద్యానికీ దిగారు. రైలు వలన కలిగిన లాభాలను గురించి మనం పరీక్షల్లో పది వాక్యాలు వ్రాయిస్తాము. ఈ నష్టాన్ని గురించి ఒక్క వాక్యమైనా వ్రాయించాలని నా అభిప్రాయం.

అయితే పొదిలి ఆరిపోలేదు. నాలుగు ఊళ్ళ బండ్లకు నడుమ ఉన్న మజిలీ, నాలుగు ఊళ్ళ బస్సులకు నడుమ ఉన్న స్టాండు అయింది. చుట్టుపక్కల పండే పొగాకు వేలానికి ఈ ఊరికే వస్తుంది. ఒంగోలు నుంచి వచ్చే దారిలో చీమకుర్తి దగ్గర నల్లరాయి తవ్వుతారు. నల్లని రాతిలో నక్షత్రాలు చల్లినట్లు బంగారు చుక్కలుంటాయి. అది దేశదేశాలకు పోతుంది. ఆ రాతిబండ ఒక్కటే లారీ నిండా పడుతుంది. దానిని లాగటానికి ఎన్ని జతల ఎడ్లు కావాలో లెక్క వేసుకోవటం మీకు మంచి కాలక్షేపం. 2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి రైలుమార్గం 309 కిలోమీటర్లది. వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి, వెంకటగిరి దాని పటంలో ఉన్నాయి. ఆ వరుసను ఒకసారి మళ్ళీ చదవండి. ఈ వ్యాసం మొదట్లో మీ వేలు జరిపిన ఉత్తర దక్షిణాల బాట అదే గదా!

పాత బాటలు పూర్తిగా పోలేదు. మన పల్లెల్లో పొలాల మధ్య, రెండు పక్కలా కంపచెట్లతో, నేల కంటె లోతుగా పోయే డొంకలు చూచి ఉంటారు. అవి చక్రాలూ, గిట్టలూ, వాననీరూ కలిసి తొలిచిన దారులు. అమెరికాలో గెర్న్‌సీ అనే ఊరి దగ్గర ఆరెగాను బండ్ల గాళ్ళు ఇసుకరాతిలో నాలుగైదు అడుగుల లోతున ఉన్నాయి. వాటిని 1966లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించి కాపాడుతున్నారు. మన డొంకలకు ఆ కాపలా లేదు. ఏటా ఒక చాలు లోపలికి దున్నుకొంటే పదేళ్ళలో డొంక సగమవుతుంది. ఆ తరువాత దాని చివరనున్న రైతు మిరప కోత రోజున బస్తాలను నెత్తిన మోసుకురావలసి వస్తుంది. చేలగట్ల తగాదాల్లో ఎన్నో ఇలా మొదలైనవే.

గ్రామ పటంలో బండిబాటను జంట చుక్కల గీతతో చూపిస్తారు. ఈ సెలవుల్లో మీ నాన్నగారితో గ్రామ సచివాలయానికి వెళ్ళి ఆ పటం చూపించమని అడగండి. మీ ఊరి డొంక దానిలో ఉన్నదేమో చూచి, పొలానికి వెళ్ళి టేపుతో కొలవండి. ఊళ్ళో బండి తోలిన తాతగారు ఎవరైనా ఉంటే ఆయననూ వెంట తీసుకుపోండి. ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లు ఒకదానినొకటి తాకకుండా తప్పుకోవటానికి ఎంత వెడల్పు కావాలో, ఎవరు ముందు పక్కకు తీయాలో ఆయన చెబుతారు.